పది మంచాలు

గద్వాల,
11-11-2009, బుధవారం.

చిరంజీవి వర్షకు,

నాయిన దీవించి రాస్తున్న ఉత్తరం. మీ అమ్మ, నేను, చిన్నాయన, వాడి బిడ్డ ఉమ వేళకింత తిని తిరుగుతున్నాం. క్షేమం అనే మాటకు ఈ రెండిళ్లలో ఇప్పుడు అంతకన్నా అర్థం లేదు. ఆ జ్వరాల వార్డులో నువ్వు తింటున్నావో లేదో, మూతికి గుడ్డ కట్టుకుంటున్నావో లేదో అని మీ అమ్మ పొద్దున లేస్తే అదే మాట.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం వచ్చింది. ఫోను ఎత్తని బిడ్డ నాలుగు పేజీలు రాసిందని మీ అమ్మ సంబరపడింది, చదివి వినిపించమంది. మొదటి పేజీ చదివాను. మిగతాదంతా హాస్టలు తిండి గురించి అని చెప్పి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమెకు చదువు రాకపోవడం ఇన్నేళ్లకు నాకు అక్కరకు వచ్చింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. తేలికవి ముందు రాస్తాను. బరువైనది కలం మీదికి రావడానికి కొంచెం సేపు పడుతుంది.

నా ఆయాసం సంగతి అడిగావు. పీల్చే మందు రెండు పూటలా వాడుతున్నాను. రంగుల కాగుల దగ్గరికి పోవడం మానేశాను. రాత్రి పడుకుంటే పిల్లికూతలు తగ్గాయి. నా ఆరోగ్యానికి ఏ లోటూ రాకుండా చూసుకున్నాను. ఎంత బాగా చూసుకున్నానో ఈ ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది.

మీ అమ్మకు మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. ఉమ బడికి పోతోంది. పదో తరగతి కదా, లెక్కలంటే భయం. చిన్నాయన మగ్గం మీద కూర్చుంటున్నాడు కానీ, చీర వారానికి దిగాల్సింది రెండు వారాలు పడుతోంది. ఇదివరకు పక్కన కూర్చుని అంచు దారం అందించేది మీ చిన్నమ్మ. ఇప్పుడు రెండు పనులూ వాడే చేసుకుంటున్నాడు. పగలంతా ఆ మగ్గం చప్పుడు ఆగి ఆగి వినిపిస్తుంది.

ఆగస్టులో నేను నీకు రాసింది గుర్తు చేశావు. పుణెలో, హైదరాబాదులో పందుల జ్వరంతో మనుషులు పోతున్నారని టీవీలో చూసి, ఆ డ్యూటీ వదిలేసి ఇంటికి రా అని రాశాను. దానికి నువ్వు, ఇక్కడున్న ముప్పైమంది సిస్టర్లకూ నాయినలున్నారు, అందరూ నీలాగే రాస్తే ఈ మంచాల దగ్గర ఎవరు నిలబడతారు అని జవాబిచ్చావు. ఆనాడు నాకు కోపం వచ్చింది. నాలుగు అక్షరాలు రాగానే తండ్రికి నీతులు చెప్తోంది అనుకున్నాను.

జ్వరం ముదిరినప్పుడు చిన్నమ్మను కర్నూలు ఎందుకు తీసుకుపోలేదని అడిగావు. అదే వారం తుంగభద్ర పొంగి కర్నూలు నీళ్లలో మునిగింది. రోడ్డు లేదు. పోయినా అక్కడి దవాఖానల్లోకి కూడా నీళ్లు వచ్చాయన్నారు. అందుకే పాలమూరు జిల్లా దవాఖాన దారి పట్టాం. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇక నీ మూడో పేజీ. దవాఖాన వాళ్లు మన వీధిలో పది మంచాలు వేస్తామంటే ఎవరో అడ్డం పడ్డారని నీకు తెలిసింది. చిన్నమ్మ పదకొండో దినానికి వచ్చినప్పుడు, నాయినా ఎవరు వాళ్లు అని నన్ను అడిగావు. ఊరోళ్లు అన్నాను. ఇప్పుడు వాళ్ల పేర్లు రాసి పంపమంటున్నావు, కలెక్టరుకు అర్జీ పెడతానంటున్నావు.

రాస్తాను. జరిగింది జరిగినట్టు మొదటినుంచీ రాస్తాను.

ఆగస్టు చివర్లో నేను ఆయాసం మందుకు దవాఖానకు పోయాను. ఇస్రాయేలు డాక్టరు నన్ను పరీక్ష చేసి, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి, ఈ కొత్త జ్వరం మీలాంటి వాళ్లకు సోకితే నిలబడడం కష్టం, గుంపుల్లోకి పోకండి, దగ్గేవాళ్లకు ఎడంగా ఉండండి అని చెప్పాడు. మంచికే చెప్పాడు. ఆ మాట నా చెవిలోంచి లోపలికి పోయి గుండెలో కూర్చుంది. ఆ రోజు నుంచి ఎవరు తుమ్మినా నాకు చెమట పట్టేది. చేనేత సంఘం అధ్యక్షుణ్ణి, యాభై ఆరేళ్లవాణ్ణి, భయమేస్తోందని ఎవరితో చెప్పుకోను? మీ అమ్మకు కూడా చెప్పలేదు.

వారం తిరక్కముందే ఆ డాక్టరే మన సంఘం ఆఫీసుకు వచ్చాడు. మగ్గం నేర్పే షెడ్డు రెండేళ్లుగా తాళం వేసి ఉంది కదా, దాన్ని ఆరు నెలలకు అడిగాడు. దవాఖానలో ఉన్న మంచాలు కాన్పులకే చాలడం లేదని, ఈ జ్వరం వచ్చినవాళ్లను బాలింతల పక్కన, పసిపిల్లల పక్కన పెట్టడానికి లేదని, వేరే గది కావాలని చెప్పాడు. పది మంచాలు, ఆక్సిజన్ సిలిండర్లు, ఇద్దరు సిస్టర్లు మంజూరయ్యాయి, జాగా ఒక్కటే తక్కువ అన్నాడు. సంఘంలో మాట్లాడి చెప్తానన్నాను. ఆయన కుర్చీలోంచి లేవకముందే నా మనసులో కాదు అనుకున్నాను.

ఆ షెడ్డుకూ మన ఇంటికీ మధ్య నాలుగిళ్లు. ఆ కిటికీల గాలి మన వాకిట్లోకే వస్తుంది.

సెప్టెంబరు ఆరో తారీకు, ఆదివారం మీటింగు పెట్టాను. వీధిలో మగవాళ్లందరూ వచ్చారు. నిజం చెప్పాలంటే చాలామంది ఎటూ తేల్చుకోలేదు. కొందరైతే ఇద్దామనే అన్నారు. మాట్లాడింది నేను. దసరా ముందర పుణె నుంచి, బెంగుళూరు నుంచి బేరగాళ్లు వచ్చే రోజులు, వీధిలో రోగాల షెడ్డు ఉందని తెలిస్తే గద్వాల చీర ఎవడు ముట్టుకుంటాడు అన్నాను. ఆ చీరలో రోగం ఉందని ఒక్కడు పుకారు లేపితే రెండు వందల మగ్గాలు పడుకుంటాయన్నాను. దవాఖాన కట్టేది సర్కారు, జాగా వెతుక్కునేది సర్కారు, మన పిల్లలు తిరిగే వీధే దొరికిందా అన్నాను. నేను ఎంత బాగా మాట్లాడానంటే, నాలో నేనే నమ్మేశాను.

అప్పుడు ఒక్క మనిషి ఎదురు మాట్లాడింది. ఆఫీసు గుమ్మం దగ్గర నూలు కండెల బుట్ట పట్టుకుని నిలబడిన మీ చిన్నమ్మ జములమ్మ. నా ఎదుట గట్టిగా మాట్లాడి ఎరగదు.

"జరమొచ్చినోళ్లను యాడికి పొమ్మంటరు బావా? మనకు రాదని ఎవరన్న రాసిచ్చిండ్రా?" అంది.

"ఇవి సంఘం ముచ్చట్లు. నువ్వు ఇంట్ల పని జూస్కో పో" అన్నాను.

అందరూ నవ్వారు. చిన్నాయన కూడా తల దించుకుని నవ్వాడు. ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

షెడ్డు ఇవ్వబోమని కాగితం రాశాం. అరవై రెండు సంతకాలు. మొదటి సంతకం నాది. రెండోది మీ చిన్నాయన కురుమూర్తిది. నువ్వు పెట్టావు కదా అని వాడు పెట్టాడు, వాడిని చూసి మిగతావాళ్లు పెట్టారు. నువ్వడిగిన పేర్లు ఇవే బిడ్డా. అరవై ఒక్కటి కొట్టేసి ఒక్కటి రాసుకున్నా అర్జీ తప్పు కాదు.

డాక్టరు ఆ కాగితం చదివి మడిచి, మీ ఇష్టం అన్నాడు. ఆయన గేటు దాటాక నేను ఒక మాట అన్నాను. ఆయన పేరును పట్టుకుని, ఆయన పుట్టిన వాడను పట్టుకుని, అట్లాంటివాళ్లకు మన మగ్గాల బతుకు ఏం తెలుస్తుందని అన్నాను. అది కూడా రాస్తున్నాను. నువ్వు రోజూ అట్లాంటివాళ్లతో కలిసి పనిచేస్తున్నావు, తెలుసుకోవడం మంచిది.

దసరా అయిన మూడో రోజు చిన్నమ్మకు జ్వరమని నాకు తెలిసింది. అప్పటికే ఆరు రోజులైంది. మాత్రలు మింగుతూ మగ్గం దగ్గర కూర్చుంటూనే ఉందట. వానలు మొదలయ్యాయి. అక్టోబరు మూడు, శనివారం పొద్దున ఆమెకు కూర్చుంటేనే ఊపిరి, పడుకుంటే ఊపిరి లేదు. చిన్నాయన ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. నేను వెనకాల సైకిలు మీద పోయాను.

దవాఖాన నిండా వరద ఊళ్ల జనం. నేల మీద చాపలు, చాపల మీద తడిసిన పిల్లలు. డాక్టరు రెండు రోజులుగా ఇంటికి పోనట్టున్నాడు, గడ్డం పెరిగి ఉంది. చిన్నమ్మను చూసి వెంటనే వెనక వరండాలో ఒక మూల బల్ల వేయించి ఆక్సిజన్ పెట్టించాడు. గొంతులోంచి నమూనా తీసి హైదరాబాదుకు పంపాడు. ఇక్కడ ఉంచే చోటు లేదు, ఇంతమంది పిల్లల మధ్య ఉంచకూడదు, పాలమూరు తీసుకుపోవాలి, రోడ్డు తెరిస్తే చెప్తామన్నారు అన్నాడు.

చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు పెద్ద మనిషివి, ఏదన్న జెయ్యే" అన్నాడు.

జేబులో షెడ్డు తాళంచెవి ఉంది. తీసి డాక్టరు చేతిలో పెట్టబోయాను. షెడ్డు తీసుకోండి సార్, ఇప్పుడే ఊడ్పిస్తాను అన్నాను.

ఆయన దాన్ని తీసుకోలేదు. కోపపడలేదు కూడా.

"ధర్మయ్య గారూ, తాళం తీస్తే అది వార్డు కాదు. మీరు వద్దన్నాక ఆ మంచాలు, సిలిండర్లు, సిస్టర్లు వేరే ఊరికి పోయాయి. ఇప్పుడు అక్కడ పదిమంది ఉన్నారు."

చిన్నాయన ఆ మాట విన్నాడు. వాడు కూడా సంతకం పెట్టినవాడే. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ రాత్రంతా ఆమె వరండాలోనే ఉంది. ఆదివారం పొద్దున పదింటికి రోడ్డు వదిలారంటే జీపు మాట్లాడాం. డాక్టరు ఒక చిన్న సిలిండరు ఇచ్చాడు, ఇది పెబ్బేరు దాకా రావచ్చు అన్నాడు. సరిగ్గా పెబ్బేరు దాకానే వచ్చింది. బీచుపల్లి వంతెన దగ్గర బండ్లు ఒకటొకటిగా వదులుతుంటే వెనకబడ్డాం. కింద కృష్ణ ఎర్రగా, వంతెనకు ఆనుకుని పోతోంది. చిన్నాయన ఆమె తలను ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ముందు సీట్లో, డ్రైవరు పక్కన, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాను. పెబ్బేరులో ఒక డాక్టరు చూసి, పాలమూరు దాకా కాదు, వనపర్తి దగ్గర, అటు పొండి అన్నాడు. వనపర్తి ఊరు కనబడుతుండగా చిన్నాయన, ఇగ బండి ఆపు అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్లు ఆమెకు.

నా భయం ఒక్కటి తప్ప ఇంతవరకూ రాసింది వీధిలో అందరికీ తెలుసు. నీకొక్కదానికే తెలియదు. ఇకమీద రాసేది మీ అమ్మకు కూడా తెలియదు.

మీటింగు అయిన రెండు వారాలకు, సెప్టెంబరు ఇరవై, ఆదివారం, పుణె సేటు వచ్చాడు. ఏటా దసరా ముందర వచ్చి చీరలు చూసుకుని మన ఇంట్లోనే భోజనం చేసి పోతాడని నీకు తెలుసు. ఆఫీసులో చీరలు విప్పుతుంటే దగ్గు మొదలుపెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రైలులో చలిగాలి కొట్టింది, రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంది అన్నాడు. పుణె అనే మాటా, దగ్గూ, డాక్టరు చెప్పిందీ మూడూ ఒక్కసారి నా లోపల కలిశాయి.

పొమ్మనలేను. అరవై చీరల బేరం. ఇంటికి పిలవలేను. మన నడవాలో ఆయన కూర్చునే పీట పక్కనే నా మంచం.

బయటికి వచ్చి చిన్నాయనను పిలిచాను. ఏటా నేనే పెడుతున్నాను, సేటుకు నువ్వు కూడా తెలిసి ఉండాలి, రేపు నా తర్వాత బేరాలు చూసేవాడివి నువ్వే, ఈసారి భోజనం మీ ఇంట్లో పెట్టు అన్నాను. వాడి ముఖం ఎట్లా వెలిగిందో ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. చిన్నమ్మ అప్పటికప్పుడు పూర్ణం రుబ్బి భక్ష్యాలు చేసింది. సేటు రెండు గంటలు ఆ ఇంట్లో కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడి వడ్డించింది, ఎంగిలి విస్తరి ఎత్తింది, ఆయన తాగిన చెంబు తోమింది. నేను పొద్దున ఎక్కువ తిన్నానని చెప్పి వాకిట్లోనే నిలబడ్డాను. బావ మా ఇంటికి పెద్దరికం ఇచ్చిండని ఆమె మీ అమ్మతో చెప్పుకుని మురిసిందట.

ఐదో రోజు ఆమెకు జ్వరం వచ్చింది.

సేటువల్లే వచ్చిందని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. సంతలో సోకి ఉండవచ్చు, బస్సులో సోకి ఉండవచ్చు. నువ్వు చదువుకున్నదానివి, నన్ను ఓదార్చాలంటే ఆ మాట రాయగలవు. రాయకు. దీపావళి నాడు హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చింది, అదే జ్వరమని. డాక్టరు ఇంటికి వచ్చి, బయటినుంచి ఎవరైనా వచ్చారా అని చిన్నాయనను అడిగాడు. పుణె సేటు వచ్చి భోంచేసిండు సార్, మా అన్న మాకు మర్యాద దక్కాలని మా ఇంటికి తోలిండు అని చెప్పాడు వాడు. నేను పక్కనే ఉన్నాను. డాక్టరు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన అదే రాసుకుని పోయాడు.

అట్లాగే గడిపేసేవాణ్ణేమో. పోయిన శనివారం, నీ ఉత్తరం వచ్చిన తెల్లారి, ఉమ లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చింది. అమ్మకు జరమొస్తే ఆరు రోజులు నాకెందుకు చెప్పలేదమ్మా అని మాటల్లో అడిగాను.

"అమ్మనే చెప్పొద్దన్నది పెద్దనాయినా. బావకు దమ్ము జబ్బు ఉంది, ఈ జరం ఆయనకు అంటితే ఆగడు, దగ్గరికి రానియ్యకుండ్రి అన్నది."

పిల్ల ఆ మాట చెప్పి మళ్లీ లెక్క చూసుకుంది. నేను పెరట్లోకి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు ఆదివారం చిన్నాయన మగ్గం దగ్గరికి పోయి అంతా చెప్పాను. వాడు నేయడం ఆపలేదు. చివరిదాకా విని, తల ఎత్తకుండా అడిగాడు.

"గా దగ్గు నీకు ముందుగాల్నే ఎరికనా అన్నా?"

"ఎరికనే."

"అందుకనే మా ఇంటికి తోలినవా?"

"అందుకనే."

దారం తెగింది. వాడు దాన్ని నింపాదిగా ముడివేశాడు. ఇంకో బెత్తెడు నేశాడు. నేను నిలబడే ఉన్నాను. తిడతాడని, కొడతాడని చూశాను. కొట్టినా బాగుండేది.

"ఇగ మా గడప తొక్కకు" అన్నాడు.

సరే అని తిరిగాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచాడు.

"ఉమకు చెప్పకు. తల్లి పాయె. పెద్దనాయిన గూడ లేడని దానికి తెలిస్తె పిల్ల ఆగమైతది. నీ కోసం గాదు."

షెడ్డు తాళంచెవి ఈ సోమవారం దవాఖానలో ఇచ్చి వచ్చాను. మంచాలు ఎప్పుడొస్తాయో తెలియదన్నారు. సంఘం అధ్యక్షత వదులుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నువ్వు అర్జీ పెట్టు, నా పేరు రాయి, నా చేతిరాతతో ఉన్న ఈ ఉత్తరం కావాలంటే జత చెయ్యి. ఇంటికి రా అని మాత్రం ఇకమీద రాయను. ఎక్కడ నిలబడాలో నీకు చెప్పే అర్హత నాకు లేదు. నాకు జవాబు రాయాలనిపించకపోతే మీ అమ్మకైనా రాయి. నేను కల్పించకుండా చదివి వినిపిస్తాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఉమకు నువ్వు కూడా చెప్పకు. చిన్నాయన మన ఇంటి వైపు చూడడు, కానీ పొద్దుగూకేసరికి పిల్లను పుస్తకాలిచ్చి పంపిస్తున్నాడు. నిన్న కూడా వచ్చింది. లెక్క మధ్యలో నాకు ఆయాసం ఎత్తుకుంటే లేచిపోయి నీళ్లు కాచి తెచ్చింది. వీపు మీద చెయ్యి వేసి రుద్దుతూ, తగ్గిందా పెద్దనాయినా, తగ్గిందా అని అడుగుతూ కూర్చుంది. తగ్గిందమ్మా అన్నాను. రేపు కూడా వస్తుంది. నేను రోజూ తగ్గింది అనాలి.

ఇట్లు,
నీ నాయిన
ధర్మయ్య